గనుల చరిత్ర - కాగితాల భాష

చరిత్ర రాయాలంటే ఆధారాలు కావాలని అందరం అంటాం. ఆ ఆధారాన్ని ఎవరు రాశారు, ఎవరి అవసరం కోసం రాశారు, ఏ భాషలో రాశారు అన్న ప్రశ్నలు మాత్రం తక్కువగా వేస్తాం. ఒక కథ చదివేటప్పుడు కథకుడు ఎవరి పక్షాన నిలబడి మాట్లాడుతున్నాడని అడగడం విమర్శకులకు అలవాటే. ఆ ప్రశ్ననే చరిత్ర పత్రాల ముందు కూడా పెట్టవలసి ఉంది. గనుల చరిత్రకు ఇది మరీ అవసరం. గనిలో తవ్వినవాడు ఒకడు, తవ్వించినవాడు మరొకడు, ఆ సంగతి కాగితం మీద పెట్టినవాడు ఇంకొకడు. ఈ ముగ్గురి భాషా ఒకటి కాదు.

నేను యాకుత్‌పురాలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. యాకూత్ అంటే కెంపు. పాత నగర ప్రాకారానికి ఉండిన దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. గోడ పోయింది, దర్వాజా పోయింది, పేరు మిగిలింది. రత్నం పేరు పెట్టుకున్న పేటలో కూర్చుని, ఈ నేలలో రత్నాలూ బొగ్గూ తవ్వినవాళ్ళ గురించి, ఆ తవ్వకం వల్ల నేలకూ నీటికీ జరిగినదాని గురించి ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక సామాన్య పాఠకుడు ఎంత తెలుసుకోగలడని వెతుకుతూ వచ్చాను. ఆ వెతుకులాటలో తేలిన విషయాలే ఈ వ్యాసం.

మొదట ఒక వాస్తవం చెప్పుకోవాలి. హైదరాబాదు గనులు లేని నగరమే గాని, గనుల కాగితాలకు రాజధాని. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కేంద్ర కార్యాలయం మసాబ్‌టాంక్‌లో ఉంది. అణు ఖనిజాల డైరెక్టరేటు బేగంపేటలో, 1961 నాటి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్‌లో, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ వారి శిక్షణ సంస్థ బండ్లగూడలో ఉన్నాయి. నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు తార్నాక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. వీటిలో చాలా భాగం ఒకప్పుడు పరిచయం, సిఫారసు ఉన్నవాడికే అందేది. ఇప్పుడు చెప్పుకోదగ్గ భాగం అంతర్జాలంలోకి వచ్చింది. ఇది నిస్సందేహంగా ముందడుగు. అయితే తలుపు తెరుచుకున్నంత మాత్రాన లోపలున్న మాట మనకు అర్థమవుతుందా అన్నది అసలు ప్రశ్న.

1

గోలకొండ వజ్రాల గురించి అందరూ ఆధారం చేసుకునే పుస్తకం ఫ్రెంచి వ్యాపారి తావెర్నియేది. అది 1676లో పారిస్‌లో అచ్చయింది. దాన్ని 1889లో ఇంగ్లీషు చేసిన వాలెంటైన్ బాల్ స్వయంగా భూగర్భ శాస్త్రవేత్త, భారత భూవిజ్ఞాన సర్వేక్షణలో పనిచేసినవాడు. ఆ అనువాదం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానికంటె ముందు, 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి మెథ్వోల్డు రాసిన గోలకొండ వృత్తాంతం కూడా దొరుకుతుంది. మెథ్వోల్డు గని దగ్గర ముప్ఫైవేల మందిని అంచనా వేశాడు. తావెర్నియే కొల్లూరులో అరవైవేల మంది అన్నాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు అని రాశాడు.

కొల్లూరు కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడది పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. ఆ గనికి దేశభాషలో 'గని' అని పేరు, ఫార్సీలో 'కొల్లూరు' అని పేరు అని తావెర్నియే చెబుతాడు. అనువాదకుడు బాల్ ఇక్కడ ఒక సవరణ చేశాడు. 'గని' అన్నది ఫార్సీ 'కాన్'కు రూపాంతరమనీ, 'కాన్-ఎ-కొల్లూర్' అన్న పదబంధంలోని మొదటి ముక్క అనీ ఆయన అభిప్రాయం. తెలుగువాడికి ఈ సందేహం రాదు. సంస్కృతం 'ఖని' నుంచి వచ్చిన 'గని' మనకు పాత మాట. తవ్వేవాళ్ళు తమ మాట తాము చెప్పారు. వ్యాపారి విన్నది విన్నట్టు రాశాడు. రెండువందల ఏళ్ళ తరవాత పండితుడు వచ్చి దాన్ని ఫార్సీ ఖాతాలో వేశాడు. అరవైవేల మంది పనిచేసినచోట వాళ్ళ నోటినుంచి ఐరోపా గ్రంథంలోకి ఎక్కిన మాటల్లో ఇది ఒకటి. దాని యాజమాన్యం మీద కూడా తగాదా వచ్చింది.

తావెర్నియేను పక్కన పెట్టమని నేను అనడం లేదు. ఆయన్ని మన ప్రశ్నలతో చదవాలి. గనిలో పని ఎలా జరిగేదో ఆయన ఓపికగా వర్ణించాడు. నీరు తగిలేదాకా గుంట తవ్వుతారు. మట్టిని గోడకట్టిన ఆవరణలో పోసి నీళ్ళతో నానబెడతారు. ఎండిన తరవాత చేటల వంటి వాటితో చెరుగుతారు. గడ్డలను రోకళ్ళ వంటి దుడ్డుకర్రలతో కొడతారు. మళ్ళీ చెరిగి, చేతులతో వెతుకుతారు. ఈ వర్ణనలో ఉన్న పనిముట్లు చూడండి: అవి కళ్ళంలోవి, వాకిట్లోవి. ధాన్యం చెరగడం తెలిసిన చేతులే వజ్రం చెరిగాయి. రైతు కుటుంబం మొత్తంగా గనికి తరలివచ్చిందన్న సంగతి ఏ రాజశాసనం చెప్పకపోయినా ఈ చేటా రోకలీ చెబుతాయి. గనిని కనిపెట్టిన కథ కూడా అలాంటిదే. తనకు వందేళ్ళ ముందు ఎవరో పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతుంటే సుమారు పాతిక కారట్ల రాయి దొరికిందట. కారట్ల లెక్క మిగిలింది. విత్తబోయినవాడి పేరు మిగల్లేదు.

ఇప్పుడు రామళ్ళకోట సంగతి. కర్నూలు జిల్లాలోని ఈ ఊరే తావెర్నియే 'రావుల్కొండ' అని పండితుల నిర్ణయం. అక్కడ పనిలో ఆరితేరిన కూలికి ఏడాదికి మూడు వరహాలు. యాభైమందితో తవ్వించే వ్యాపారి రాజుకు రోజుకు రెండు వరహాలు, వందమంది అయితే నాలుగు వరహాలు కట్టాలి. పైగా కొనుగోళ్ళ మీద నూటికి రెండు. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది. యాభైమంది కూలీల ఏడాది జీతం నూటయాభై వరహాలు. రాజుకు కట్టే సుంకం డెబ్బైఅయిదు రోజుల్లో అంత అవుతుంది. ఏడాదంతా మట్టి మోసినవాళ్ళకు దక్కింది, ఖజానాకు రెండున్నర నెలల్లో చేరింది. వజ్రాల వైభవం గురించి ఎన్నో పుటలు రాసుకున్నాం. ఆ వైభవానికి పునాది ఈ ఒక్క లెక్కలో ఉంది.

అయినా గోలకొండ పాలకుల గురించి ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. కుతుబ్‌షాహీ ఫర్మానాలు కొన్ని ఫార్సీ, తెలుగు రెండు భాషల్లోనూ ఉన్నాయి. ఊళ్ళో కరణానికీ రైతుకూ అర్థం కాకపోతే ఆజ్ఞ అమలు కాదని వాళ్ళకు తెలుసు. అది ప్రజల మీది ప్రేమ అని భ్రమపడనక్కర్లేదు, శిస్తు వసూలు అవసరం అది. కానీ పదిహేడో శతాబ్దపు భూస్వామ్య రాజ్యానికి తెలిసిన ఈ చిన్న విషయాన్ని మన రాజ్యాంగబద్ధ ప్రభుత్వానికి 2020లో న్యాయస్థానం గుర్తుచేయవలసి వచ్చింది. ఆ సంగతికి తరవాత వస్తాను.

2

బొగ్గు విషయానికి వస్తే కథ మారుతుంది, కాగితం భాష మారుతుంది, తీరు మారదు. 1871లో భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు నిర్ధారించాడు. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్ళు అంటుకోవడంతో సంగతి బయటపడిందని జనంలో ఒక కథ ఉంది. కింగ్ పేరు బొగ్గు పొరకే పెట్టారు, 'కింగ్ సీమ్' అని. యాత్రికులు మళ్ళీ పేరులేనివాళ్ళే. కొల్లూరు రైతూ ఇల్లెందు యాత్రికులూ ఒకే వరుసలో ఉన్నారు.

1886 జనవరిలో నిజాం ప్రభుత్వం తన రాజ్యంలోని ఖనిజాల హక్కును 99 ఏళ్ళకు వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి రాసిచ్చింది. వాళ్ళు ఆ హక్కును లండన్‌లో స్థాపించిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి మార్చారు. కంపెనీ మూలధనం పదిలక్షల పౌన్లు. వాటాల్లో అత్యధిక భాగం సొమ్ము కట్టకుండానే కట్టినట్టు హక్కుదారుల చేతికి వెళ్ళింది. నిజాం తరఫున వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్‌కూ అందులో భాగం ఉంది. ఆయన తన భాగాన్ని వాటాలుగా మార్చుకుని, హైదరాబాదు ప్రభుత్వం చేత అధిక ధరకు వాటాలు కొనిపించాడన్నది ఆరోపణ. గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. 1888లో కామన్స్ సభ విచారణ సంఘం వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది.

ఆ ఏడాది సభలో జరిగిన ప్రశ్నోత్తరాలను ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదవవచ్చు. వందేళ్ళ కిందట ఇది ఏ తెలుగు ఉపాధ్యాయుడికీ సాధ్యం కాని పని. చదివితే తెలిసేదేమిటి? వాటాదారు మోసపోయాడా, ప్రభుత్వ ఖజానా మోసపోయిందా, రెసిడెన్సీకి ముందే తెలుసా అన్నవి ఆ చర్చల్లోని సమస్యలు. 99 ఏళ్ళకు రాసిచ్చిన నేల మీద అప్పటికే ఎవరో ఉంటున్నారు. అక్కడ కోయవాళ్ళున్నారు, అడవి ఉంది, వాగులున్నాయి. ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న ఆ కుంభకోణంలో సమస్యగా లేచినది కాదు. దొంగతనం మీద విచారణ జరిగింది, దోపిడి మీద జరగలేదు. ఆ రెంటికీ ఉన్న తేడా ఎక్కడ కనబడుతుందంటే, ఇలాంటి పత్రాలలోని మౌనంలో.

ఇల్లెందు దగ్గర తవ్వకం 1889లో మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు గనులకు వచ్చింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. ఇప్పుడు 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది.

ఈ మొత్తం కాలంలో హైదరాబాదు ప్రభుత్వం భాష ఏమిటి? 1880లలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. 1917లో ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి, మరుసటి ఏడు ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఒక భారతీయ భాషలో పై చదువుల శాస్త్రం మొత్తం చెప్పవచ్చునని నిరూపించిన మహాప్రయత్నమది. దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు. ఆ భాషకు అలాంటి సంస్థ లేదు. ఆ పని జనమే చేసుకున్నారు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల విజ్ఞాన చంద్రికా మండలి ఈ నగరంలోనే పుట్టాయి. మండలి 1908లో మద్రాసుకు తరలిపోయినా, శాస్త్రం తెలుగులో చెప్పాలన్న పట్టుదల ఇక్కడ మొలిచిందే.

ఇక్కడ పాతబస్తీ గురించి ఒక మాట. నిజాం కాలపు సర్కారు గెజిటైన జరీదా, శాఖల నివేదికలు ఉర్దూలో ఉన్నాయి. స్కాన్ చేసినవి దొరికినా, చదవగలిగిన తెలుగు పరిశోధకులు వేళ్ళ మీద లెక్కించదగ్గవారు. మా పేటలో, మా బడి పక్కనే, ఆ లిపి తడుముకోకుండా చదవగల పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ళ మనవలు ఇంగ్లీషు మీడియం బడులకు పోతున్నారు. ఉర్దూ ఇంట్లో మాట్లాడతారు, రాసింది చదవలేరు. తెలంగాణ చరిత్ర తాళంచెవుల్లో ఒకటి ఈ గల్లీల్లో తుప్పుపడుతోంది. ఉర్దూ ఒక మతానిదనీ, మనకు సంబంధం లేనిదనీ అనుకునే తెలుగు రచయిత తన తాతల కూలిలెక్కలు తానే పోగొట్టుకుంటున్నాడు.

3

స్వాతంత్ర్యం తరవాత కాగితాల రాశి పెరిగింది. 1948లో ఏర్పడి, నాగపూరు కేంద్రంగా ఉన్న ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ఏటేటా ఖనిజ వార్షికాలు వేస్తుంది. ధన్‌బాద్‌లోని గని భద్రతా డైరెక్టరేటు ప్రమాదాల లెక్కలు వేస్తుంది. భూవిజ్ఞాన సర్వేక్షణ పటాలు 'భూకోశ్' అనే పోర్టల్‌లో ఉన్నాయి. ఇవన్నీ ఆన్‌లైన్‌లో చూడవచ్చు, వాటి పద్ధతి తెలుసుకుని చూడాలి. ఒక ఉదాహరణ. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ప్రమాదాల పట్టికలో అది ఒక్క వరుస: తేదీ, గని పేరు, కారణం, సంఖ్య. ఆ వరుస అబద్ధం చెప్పదు. కానీ ఆ రోజు షిఫ్టుకు మస్టర్ పడినవాళ్ళెవరు, వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి ఏమైందీ ఆ వరుసలో ఉండదు. అది సాహిత్యం చేయవలసిన పని. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటివారు సింగరేణి జీవితాన్ని తెలుగు కథలోకీ నవలలోకీ తెచ్చింది ఇందుకే. పట్టిక లేకపోతే కథకు కొలత ఉండదు. కథ లేకపోతే పట్టికకు ముఖం ఉండదు.

పర్యావరణం విషయంలో మార్పు 1994లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 27న కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ తెచ్చింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయింది. 2006 సెప్టెంబరు 14 నాటి కొత్త నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు సారాంశాన్ని ఇంగ్లీషుతోబాటు స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. అనుమతి పొందిన సంస్థ షరతుల అమలు మీద ఆరునెలలకొక నివేదిక ఇవ్వాలి, అది ప్రజలు చూడదగ్గ పత్రం. 2018 ఆగస్టులో మొదలైన 'పరివేష్' పోర్టల్‌లో దరఖాస్తులు, సంఘాల సమావేశ నిర్ణయాలు, అనుమతి లేఖలు పెడుతున్నారు. 2016 సవరణ ప్రకారం ఇసుక తవ్వకాలకు జిల్లా సర్వే నివేదికను జిల్లా వెబ్‌సైట్‌లో ఉంచి అభ్యంతరాలు తీసుకోవాలి. ఏ ప్రాజెక్టు గురించి తెలుసుకోదలిచినా ఈ క్రమంలో పోతే చాలావరకు దారి దొరుకుతుంది: మొదట దరఖాస్తు, తరవాత ప్రభావ నివేదిక, ఆ తరవాత ప్రజాభిప్రాయ సేకరణ నమోదు, అనుమతి లేఖ, చివర ఆరునెలల నివేదికలు. అనుమతి లేఖలోని షరతులను ఆరునెలల నివేదిక పక్కన పెట్టి చదివితే, మాటకూ చేతకూ ఉన్న దూరం తేటతెల్లమవుతుంది.

ఈ హక్కులు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. వాటి వెనక పోరాటం ఉంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల గిరిజన గ్రామాల భూముల్లో గనుల లీజుల మీద 'సమత' సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యంతో, ఒకరి అసమ్మతితో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వరాదన్నది దాని సారం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునే 1970 సవరణ దానికి ఆధారం. లాభాల్లో కనీసం ఇరవై శాతం ఆ ప్రాంత అభివృద్ధికి కేటాయించాలని కూడా తీర్పు చెప్పింది. తీర్పు పూర్తి పాఠం అంతర్జాలంలో ఉంది, ఇంగ్లీషులో. ఆ తీర్పు ఎవరి భూమి గురించో వాళ్ళ మాతృభాష కువి, కొండదొర. వాళ్ళకు రెండో భాష తెలుగు. ఆ ఇంగ్లీషు నుంచి ఆ గుడిసెకు రెండు మెట్ల దూరం. ఆ దూరంలో మొదటి మెట్టు దాటించవలసిన బాధ్యత తెలుగు రాయగలవాళ్ళది.

తెలియడం వల్ల ఏం జరుగుతుందో 2019లో నల్లమల చూపింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు అటవీ సలహా సంఘం మే 22న సూత్రప్రాయంగా సమ్మతించింది. ఆ సమావేశపు నిర్ణయాలు వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి, అక్కడినుంచి పత్రికల్లోకి వచ్చాయి. చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా నిరసన పాకింది. రచయితలు, కళాకారులు, విద్యార్థులు కలిశారు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ ఉద్యమాన్ని నడిపింది జనం. కానీ ఒక పొడి ఇంగ్లీషు కాగితాన్ని ఎవరో చదివి తెలుగులో చెప్పకపోతే జనానికి సంగతి తెలిసేటప్పటికి రిగ్గులు అడవిలో ఉండేవి.

దీని తరవాతి ఏడాది మరో సంఘటన. నోటిఫికేషన్‌ను మార్చే 2020 ముసాయిదా కరోనా నిర్బంధ కాలంలో, ఏప్రిల్ 11న గెజిట్‌లో అచ్చయింది. ఇంగ్లీషు, హిందీ తప్ప వేరే భాషలో లేదు. దేశంలో ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చునన్నారు, గడువు పెట్టారు. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 వరకు పెంచి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నింటిలోకి పది రోజుల్లో అనువదించి పెట్టమని ఆదేశించింది. కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆగస్టు 13న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించి, హైకోర్టుకే పునఃపరిశీలన కోసం పొమ్మంది. గడువు అప్పటికే దాటిపోయింది. అనువాదం చేయడం కంటె అనువాదం చేయనక్కర్లేదని వాదించడానికి ప్రభుత్వం ఎక్కువ శ్రమపడిందంటే, భాష ఎంత బలమైన ఆయుధమో మనకంటె పాలకులకే బాగా తెలుసునన్నమాట.

4

అనువాదం అంటున్నాను గాని, అది యాంత్రికంగా జరిగే పని కాదు. ఈ పత్రాల భాషలోనే ఒక పక్షపాతం ఉంది. ఓపెన్‌కాస్టు నివేదికల్లో బొగ్గు పొర మీద ఉన్న మట్టినంతా 'ఓవర్‌బర్డెన్' అంటారు, అంటే పైనున్న బరువు. సాగునేల, చెట్ల వేళ్ళు, తేమ, వాగు మట్టం అంతా బొగ్గుకు బరువే. కంపెనీ కంటితో చూస్తే తప్ప ఈ మాట పుట్టదు. సింగరేణిలో ఓపెన్‌కాస్టు 1975లో మొదలైంది. దాని పక్క బతికినవాళ్ళు పెట్టుకున్న మాటలు వేరు. తవ్విపోసిన చోటును వాళ్ళు 'మట్టికుప్పలు' అన్నారు, మిగిలిన గోతిని 'బొందలగడ్డ' అన్నారు. బొంద అంటే గొయ్యి, శవాన్ని పెట్టే గొయ్యి కూడా. 'ఓవర్‌బర్డెన్'కు కొత్త పారిభాషిక పదం కల్పించేముందు బొందలగడ్డ అన్న మాటలోని తీర్పు వినాలి.

మరో మాట 'టైలింగ్స్ పాండ్'. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు వ్యర్థాలను నిలవచేసే చోటది. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోరునీళ్ళ గురించి, అరటితోటల గురించి ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తూ వచ్చారు. దాన్ని తెలుగులో 'వ్యర్థాల చెరువు' అంటే ఏమవుతుంది? రాయలసీమవాడికి చెరువు అంటే కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, ఊరికి ప్రాణం. విషం నిలవచేసే చోటికి చెరువు పేరు పెట్టడం అనువాదం కాదు, మోసానికి సాయపడడం. 'విషపు మడుగు' అంటే పక్షపాతమని పెద్దమనుషులు ఆక్షేపించవచ్చు. ఏ మాట వాడినా పక్షం తప్పనప్పుడు నీళ్ళు తాగేవాడి పక్షం వహించడమే న్యాయం.

ఇందుకు కావలసిన పదసంపద మనదగ్గర లేక కాదు. బొగ్గుగనిలో పనిచేసేవాడు దాన్ని 'గని' అనడు, 'బాయి' అంటాడు. బాయి దిగాడు, బాయి ఎక్కాడు. తట్టా చెమ్మాస్ పట్టాడు. కోల్‌ఫిల్లర్, టబ్బు, సర్దార్, బదిలీ, మస్టర్ - ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు కలిసి నూరేళ్ళలో తయారైన భాష ఇది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభైవేల దరిదాపులకు తగ్గారు. తట్టా చెమ్మాస్ స్థానంలో యంత్రం వచ్చింది. పనితోపాటు పనిమాటలూ పోతున్నాయి. ఈ మాటల పట్టిక ఏ పోర్టల్‌లోనూ లేకపోతే అది పోర్టల్ తప్పు కాదు. ఆ కాలనీల్లో ఉండి రాసేవాళ్ళు, ఆ విశ్వవిద్యాలయాల్లో తెలుగు ఎం.ఏ. చదివేవాళ్ళు చేయవలసిన పని అది.

ప్రజాభిప్రాయ సేకరణ నమోదులను సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా చదవాలని నా విన్నపం. ఇన్ని కాగితాల్లోనూ సామాన్యుడు తన నోటితో మాట్లాడే చోటు అదొక్కటే. తరచు అవి స్కాన్ చేసిన తెలుగు పుటలు. కంప్యూటర్‌లో మాట కొట్టి వెతికితే దొరకవు, ఓపికగా పుటలు తిప్పాలి. పేలుళ్ళకు గోడ బీటలిచ్చిందని ఒకరు, బోరు ఎండితే ఎవరు జవాబుదారీ అని ఒకరు, మా పిల్లవాడికి ఉద్యోగమిస్తారా అని ఒకరు. ఎదురుగా కంపెనీ సమాధానం: నిబంధనల ప్రకారం చర్యలు తీసుకోబడును. ప్రశ్నలో కర్త ఉన్నాడు, జవాబులో కర్త లేడు. కర్మణి ప్రయోగం వ్యాకరణ విషయమనే అనుకుంటాం. అక్కడ అది బాధ్యత తప్పించుకునే పద్ధతి.

5

ఇంతకూ తేలేదేమిటి? నాలుగువందల ఏళ్ళలో మన గనుల కాగితం ఫ్రెంచి నుంచి ఫార్సీ, ఉర్దూ, ఇంగ్లీషుల మీదుగా కంప్యూటర్ తెర దాకా వచ్చింది. చూడగలిగేవాళ్ళ సంఖ్య పెరిగింది. చదవగలిగేవాళ్ళ సంఖ్య ఆ మేరకు పెరగలేదు. 'అందరికీ అందుబాటులో ఉంది' అన్న మాట వినబడినప్పుడు 'ఏ భాషలో' అని అడగడం మన అలవాటు కావాలి.

అందుబాటు కూడా శాశ్వతం కాదు. మన నగరంలోని ఐ.ఐ.ఐ.టి. వంటి సంస్థలు పాలుపంచుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను ఎక్కించింది. 2017లో ఆ వెబ్‌సైటు మూతపడింది. ముందుచూపుతో వేరేచోట నకళ్ళు దాచినవాళ్ళు ఉన్నారు కాబట్టి వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేటికీ దొరుకుతున్నాయి. ప్రభుత్వ పోర్టల్‌లోని నివేదిక కూడా రేపు అదే చోట ఉంటుందన్న భరోసా లేదు. చదివిన ప్రతి పత్రానికీ నకలు తీసి, తేదీ రాసి దాచుకోవడం పరిశోధకుడి కనీస ధర్మం.

మన సంఘాల శాఖలు జిల్లాల్లో ఉన్నాయి. ప్రతి జిల్లాలోనూ ఏదో ఒక తవ్వకం ఉంది: ఇసుక, గ్రానైటు, సున్నపురాయి, బొగ్గు, యురేనియం. ఒక శాఖ ఏడాదికి ఒక్క ప్రాజెక్టును తీసుకుని, దాని పత్రాలు చదివి, పది పుటల్లో ఆ ఊరివాళ్ళ తెలుగులో రాయగలిగితే చాలు. పాతబస్తీ ఉర్దూ పెద్దలను పిలిచి నిజాం నాటి ఒక్క నివేదికను తర్జుమా చేయించుకుంటే చాలు. విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టిన పని ఇలాంటిదే. ఆనాడు వాళ్ళకు కంప్యూటరు లేదు, పోర్టలు లేదు, చదివి తెలుగులో చెప్పాలన్న నిశ్చయం ఉంది.

కొల్లూరులో మట్టి చెరిగిన ఆడవాళ్ళు తమ చేతికి దొరికిన రాయి విలువ ఎంతో తెలియకుండా పైవాడికి అప్పగించారు. ఇవాళ వాళ్ళ వారసుల పేరు మీద, వాళ్ళ నేల మీద తయారవుతున్న కాగితం కూడా అలాగే వాళ్ళ చేతుల మీదుగా, చదవకుండానే, దాటిపోతోంది. ఈసారి ఆ విలువ చెప్పగలవాళ్ళం మనమున్నాం.